మెరుపు ఫోటోలో కాలము

తొర్రూరు, వరంగల్లునుండి ఖమ్మము పోవు బాటపై నున్న ఊరు. పూర్వము వరంగల్లు జిల్లాలోనిది; 2016లో జిల్లాలను విభజించినపుడు మహబూబాబాదు జిల్లాలో చేరినది. ఏప్రిలు, మే నెలలలో పగలంతయు ఎండ మండి, ప్రొద్దుగ్రుంకు వేళకు ఉత్తరమున నల్లని మబ్బు లేచిన దినములలో, ఈ ఊరి పొలిమేరనుండి చూచువారికి వరంగల్లు దిక్కున ఆకాశము మాటిమాటికి తెల్లగా వెలిగి ఆరుచు కనబడును. ఎంతసేపు చెవియొగ్గినను ఉరుము మాత్రము వినబడదు. ఇది వేడికి పుట్టిన మెరుపనియు, దీనికి ఉరుము ఉండదనియు కొందరు చెప్పుదురు. అది సరికాదు. రెండు ఊళ్ళ నడుమ సరళరేఖలో 40 కిలోమీటర్లకు పైగా దూరము గలదు. ఉరుము సాధారణముగా 15, 20 కిలోమీటర్లు దాటి వినబడదు. వెలుగునకు అట్టి హద్దు లేదు. గాలివాన మబ్బు 14 కిలోమీటర్ల ఎత్తు పెరిగినచో, 40 కిలోమీటర్ల దూరమున నున్నవానికి దాని శిఖరము దిఙ్మండలమునకు సుమారు 19 డిగ్రీల పైన కనబడును. త్రికోణమితి నేర్చిన విద్యార్థి దీనిని తానే లెక్క కట్టి చూడవచ్చును. భూమి వంపు వలన మరుగుపడునది నేలకు దగ్గరగా నున్న నూరు మీటర్ల లోపు భాగమే.

నగరముమీది మెరుపులను ఫోటో తీయుటకు ఇట్టి దూరము మంచిదే. ఏలయన, తీయువాడు వానకును పిడుగునకును వెలుపల నుండును. ఇటీవల ఇట్టి ఫోటోలు విరివిగా కనబడుచున్నవి. ఎత్తైన మేడలపైన, చెరువులపైన ఒకేసారి పది పన్నెండు మెరుపుతీగలు దిగుచున్నట్లు వానిలో నుండును. ఆ నగరములో నున్న మనుష్యుడెవ్వడును అట్టి దృశ్యము చూచి యుండడు. ఒక్కొక్క మెరుపు ఒక్కొక్క ఫోటోలో పడినది. అరగంటలోనో గంటలోనో తీసిన అట్టి ఫోటోలను పిమ్మట కంప్యూటరులో ఒకటిగా చేర్చినారు. ఇది కల్ల యగునా, నిజ మగునా యని అడుగుట సహజము. కాని ఈ ప్రశ్న కంప్యూటరుతో పుట్టినది కాదు. మెరుపు ఫోటో పుట్టిన నాటినుండియు దానిని వెన్నంటియే యున్నది.

ఫోటోకు పూర్వము మెరుపును మనుష్యులు బొమ్మలలో చూచిరి. ఆ బొమ్మలలో మెరుపు రంపపు పండ్లవలె వంకరలు తిరిగి, చివర వాడియైన మొనతో నుండును. నేటికిని విద్యుత్తు స్తంభములపై తగిలించు ‘అపాయము’ పలకమీద అదే రూపము గలదు. కన్ను అట్లు చూడలేదు. చిత్రకారులు ఒకరిని చూచి ఒకరు గీసిరి. 1856లో జేమ్స్ నాస్మిత్ అను ఇంజనీరు, ఆవిరి సమ్మెటవలన పేరు పొందినవాడు, ఈ రూపము పురాతన శిల్పములలోని వజ్రాయుధమునుండి వచ్చినదే కాని ఆకాశమునుండి వచ్చినది కాదని ఇంగ్లండులో శాస్త్రజ్ఞుల సభలో వాదించెను. ఆయన వాదము సరియైనదే, కాని చూపుటకు ఆయనవద్ద సాక్ష్యము లేదు. ఉన్నది కన్నే, మెరుపు సెకండులో అర భాగమైన నిలువదు.

ఫోటోగ్రఫీ 1839లోనే లోకమునకు తెలిసినది. అయినను మెరుపు దానికి చిక్కుటకు నాలుగు దశాబ్దములు పట్టెను. మెరుపునకు వెలుగు చాలకపోవుట దీనికి కారణము కాదు. మెరుపు ఎప్పుడు వచ్చునో తెలియదు గనుక, ఫలకమును చీకటిలో తెరచియుంచి కాచుకొనవలెను. 1851 తరువాత వాడుకలో నున్న తడి ఫలకము ఆరకముందే వెలుగు చూపి, ఆరకముందే మందులలో కడుగవలసినది. పది నిమిషములు దాటినచో పనికిరాదు. 1847లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున థామస్ ఈస్టర్లీ అంతకు పూర్వపు పద్ధతియైన వెండిపూత రేకుపై ఒక మెరుపును పట్టినాడని చెప్పుదురు. అది అరుదైన అదృష్టము. 1870 తరువాత జెలటిన్ పూసిన పొడి ఫలకములు వచ్చి, 1880 నాటికి అంగళ్ళలో దొరకసాగెను. వీనిని నెలల తరబడి దాచవచ్చును, రాత్రియంతయు తెరచి యుంచవచ్చును. అదే దశాబ్దములో సికింద్రాబాదులో రాజా దీన్ దయాళుగారి స్టూడియో వెలసెను. మారుమూల ప్రాంతములకును ఫోటోగ్రాఫరు పోగలిగినది ఈ పొడి ఫలకములవలననే.

1882 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి ఫిలడెల్ఫియాలో విలియం జెన్నింగ్స్ అను ఫోటోగ్రాఫరు మెరుపును స్పష్టముగా పట్టెను. 1752లో ఫ్రాంక్లిన్ గాలిపటము ఎగురవేసిన నగరమే అది. చిత్రకారుల రంపపు మెరుపు నిజమా కాదా తేల్చుటయే జెన్నింగ్స్ ఉద్దేశము. ఫలకముపై వచ్చిన రూపములో రంపపు పండ్లు లేవు. కొండలమీదినుండి పల్లమునకు దిగు వాగులు, వాని పాయలు పటములో ఎట్లుండునో అట్లుండెను. మరుసటి ఏడు బొహీమియాలో రాబర్ట్ హెన్సెల్ తీసిన ఫోటోలును అదే చెప్పెను. ఇంగ్లండులోని రాయల్ మెటియరలాజికల్ సొసైటీవారు దేశదేశములనుండి మెరుపు ఫోటోలను పోగుచేసి వర్గీకరించ మొదలిడిరి.

పోగైన ఫోటోలలో కొన్ని చిక్కు తెచ్చిపెట్టెను. కొన్నిటిలో మెరుపు తెల్లగా గాక నల్లగా నుండెను. ఆకాశములో నల్లని మెరుపు కూడ కలదా యని పెద్ద చర్చ సాగెను. సమాధానము ఆకాశములో లేదు, ఫలకములో నున్నది. ఆర్థర్ క్లేడన్ అను ఆయన 1889 ప్రాంతమున విద్యుత్ స్ఫులింగములతో ప్రయోగములు చేసెను. మిక్కిలి తీవ్రమై, మిక్కిలి కొద్ది కాలముండు వెలుగు మొదట ఫలకముపై పడి, తరువాత అదే ఫలకముపై మందమైన వెలుగు పరచుకొన్నచో, మొదట తాకిన చోటు పరిసరములకంటె తక్కువ స్పందించును. అచ్చు తీసినపుడు ఆ గీత నల్లగా వచ్చును. క్రమము తారుమారు చేసినచో, అనగా మంద వెలుగు ముందు, స్ఫులింగము వెనుక వచ్చినచో, నలుపు రాదు. కాబట్టి నల్ల మెరుపు ఫోటోలో జరిగినది ఇది: మెరుపు పడిన తరువాత కూడ ఫలకము తెరచియే యున్నది, ఇంకొక మెరుపు మబ్బులను వెలిగించినది, ఆ రెండవ వెలుగు మొదటి దానిని నల్లబరచినది. రెండు క్షణములు ఒకే ఫలకముపై చేరి, ఆకాశములో ఎన్నడును లేని వస్తువునొకదానిని పుట్టించినవి! ఎవ్వరును బుద్ధిపూర్వకముగా ఏమియు కలుపలేదు. ఈ ఫలితమునకు నేటికిని క్లేడన్ పేరే వాడుకలో నున్నది.

తెరచియున్న ఫలకమునకు ముందు వెనుకలు తెలియవు. మొదటి నిమిషమున పడినదియు, పదియవ నిమిషమున పడినదియు దానిమీద ప్రక్కప్రక్కనే నుండును. శాస్త్రజ్ఞులకు కావలసినది దీనికి విరుద్ధము. ఒకే మెరుపులో ముందు ఏమి జరిగినది, వెనుక ఏమి జరిగినది? కాలమును ఫలకముపై విడదీసి పరచుట ఎట్లు?

దారి చూపినది కదలిన కెమెరా. 1889లో హోఫర్ట్ అను ఆంగ్లేయుడు మెరుపులు వచ్చుచుండగా కెమెరాను ప్రక్కకు ఆడించుచు తీసెను. ఒక్క మెరుపునకు బదులుగా ఒకే ఆకారము గల అనేక గీతలు ఫలకముపై వరుసగా పడెను. కంటికి ఒక్కటిగా తోచిన మెరుపు, నిజమునకు ఒకే త్రోవలో ఒకదాని వెనుక నొకటిగా పరుగెత్తిన అనేక ఘాతముల సమూహమని దీనివలన తేలినది. మెరుపు చూచునపుడు కన్ను అదరినట్లుండుటకు కారణమిదియే. తరువాత హాంబర్గులో బెర్న్‌హార్డ్ వాల్టర్ కెమెరాను గడియారపు యంత్రముతో త్రిప్పి ఆ ఘాతముల నడిమి వ్యవధులను కొలిచెను. సగటున మూడు నాలుగు ఘాతములుండును. ఒకదానికిని ఇంకొకదానికిని నడుమ సెకండులో ఇరువదవ వంతు ప్రాంతము. అనగా నేడు ఎవ్వరును ఏమియు కలుపకుండ తీసిన ఒకే ఒక మెరుపు ఫోటో కూడ మూడు నాలుగు క్షణముల కలబోతయే.

లండనులో సి. వి. బాయ్స్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు 1900లో ఇంకను ముందుకు పోయెను. వేగముగా తిరుగు చక్రముపై ఎదురెదురు అంచులలో రెండు కటకములు బిగించెను. ఒకటి కుడికి పోవునపుడు రెండవది ఎడమకు పోవును. మెరుపు పైనుండి క్రిందికి సాగినదైనచో ఒక బొమ్మ ఒకవైపు, రెండవ బొమ్మ రెండవ వైపు వంగును. రెంటిని పోల్చినచో మెరుపు ఎటు పోయినదో, ఎంత వేగముతో పోయినదో తెలియును. ఎంత చక్కని ఉపాయము! కాని ఇంగ్లండు ఆకాశము ఆయనకు సహకరించలేదు. తగిన ఫోటో ఒక్కటి దొరకుటకు ఇరువది ఎనిమిదేండ్లు పట్టెను. అదియు 1928లో అమెరికాలో, న్యూయార్కు సమీపమున టక్సీడో పార్కులో. ఓపికకు ఇంతకు మించిన కథ ఫోటోగ్రఫీలో అరుదు.

ఆ కెమెరా ఫలించిన చోటు దక్షిణాఫ్రికా. జోహానెస్‌బర్గు చుట్టుప్రక్కల ఉరుములతో కూడిన వానలు మెండు. 1933 మొదలుకొని షోన్‌లాండు, ఆయన సహచరులు బాయ్స్ కెమెరాలతో తీసిన ఫోటోలు మెరుపు కథను పూర్తిగా తిరుగవ్రాసెను. మొదట మబ్బునుండి మసక వెలుగు గల ఒక ముందుపాయ బయలుదేరును. అది నేరుగా రాదు. సుమారు 50 మీటర్లు దుమికి, సెకండులో లక్షవ వంతులు కొన్ని ఆగి, మరల దుముకును. దుమికినపుడెల్ల కొమ్మలు వేయును. నేలను సమీపించగానే క్రిందినుండి ఒక ఎదురుపాయ లేచి దానిని కలిసికొనును. త్రోవ పూర్తియైన మరుక్షణమున గొప్ప వెలుగు క్రిందినుండి పైకి, కాంతి వేగములో పదవ వంతునుండి మూడవ వంతు వరకు గల వేగముతో పరుగెత్తును. కంటికి కనబడు మెరుపు ఇదే. ఆకాశమునుండి పడినదని లోకము నమ్మిన పిడుగు వెలుగు నేలనుండి లేచుచున్నదన్నమాట.

ఈ వివరము పల్లెలవారికి పుస్తక విషయము కాదు. ముందుపాయకు చాలవరకు క్రింద ఏమున్నదో పట్టదు. చివరి కొన్ని పదుల మీటర్లలో మాత్రమే, ఎదురుపాయ ఎక్కడినుండి ముందు లేచునో అక్కడికి పోవును. పొలము మధ్య ఒంటి తాటిచెట్టు, వేపచెట్టు, చదునైన నేలలో నిలుచున్న మనిషి ఎదురుపాయ లేచుటకు తగిన స్థానములు. జాతీయ నేర రికార్డుల కార్యాలయపు లెక్కల ప్రకారము 2020, 2021, 2022 సంవత్సరములలో ఏటా 2,800 మందికి పైగా భారతదేశమున పిడుగుపాటున మరణించిరి. పత్తి, మిరప చేలలో పనిచేయువారు, గొఱ్ఱెల కాపరులు, వాన తప్పించుకొనుటకు చెట్టు క్రిందికి పరుగెత్తినవారు వీరిలో ఎక్కువ. ఉరిమినపుడు అర్జునుని పది పేర్లు తలచుకొనుట తెలుగునాట పెద్దలు నేర్పిన అలవాటు. ఆ పేర్లతోపాటు చెట్టు విడిచి ఇంటిలోనికి పోవలెనని కూడ నేర్పవలసి యున్నది.

ఇక ఎక్స్‌పోజర్లను కలుపుట. ఎక్స్‌పోజరనగా కెమెరా తలుపు తెరచి ఫలకమునకు వెలుగు చూపుట. ఒకే ఫలకమునకు పలుమార్లు వెలుగు చూపుట దానంతటది తప్పు కాదు. హైదరాబాదు నిజామియా వేధశాల పాల్గొన్న మహాకార్యము దీనికి మంచి తార్కాణము. 1901లో నవాబు జఫర్ జంగు నెలకొల్పిన ఈ వేధశాల 1908లో ప్రభుత్వపరమై, పిమ్మట బేగంపేటకు మారెను. ఆకాశమునంతటిని ఫోటో తీసి నక్షత్రముల స్థానములు నిర్ణయింపవలెనని 1887లో పారిసు సభలో మొదలైన అంతర్జాతీయ యోజనలో ఖగోళ విషువరేఖకు దక్షిణమున 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చెను. 1914లో పోకాక్ నాయకత్వమున మొదలైన పనిని, 1918 నుండి 1944 వరకు డైరెక్టరుగా నుండిన టి. పి. భాస్కరన్ ముందుకు నడిపెను. ఈ యోజనలోని ఆకాశపటములకు పలు వేధశాలలవారు ఒకే ఫలకముపై మూడు ఎక్స్‌పోజర్లు ఇచ్చుచు, నడుమ దూరదర్శినిని ఇసుమంత కదల్చిరి. ప్రతి నక్షత్రము మూడు చుక్కల చిన్న త్రిభుజముగా పడును. ఒంటి చుక్క కనబడినచో అది నక్షత్రము కాదు, ధూళి. ఇచట కలుపుట వంచనకు గాక, వంచనను పట్టుటకు ఉపయోగపడినది. ఎన్ని మారులు, ఎంతసేపు వెలుగు చూపిరో పుస్తకములో వ్రాసియుంచిరి గనుక ఎవ్వరును మోసపోలేదు.

అందము కొరకు కలుపుట ఇంతకంటె పాతది. 1856, 57లలో ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే సముద్రపు ఫోటోలు తీయునపుడు, నాటి ఫలకములకు నీలి వెలుగు మీద స్పందన హెచ్చు గనుక, నీటికి సరిపోయిన ఎక్స్‌పోజరులో ఆకాశము తెల్లబారెడిది. కొన్ని చిత్రములకు ఆయన ఆకాశమును ఒక ఫలకముపై, సముద్రమును వేరొక ఫలకముపై తీసి, దిఙ్మండలము వద్ద అతికి అచ్చు వేసెను.

నగరముమీది మెరుపు తీయువారి చిక్కు లె గ్రే చిక్కునకు దగ్గరి చుట్టము. నగరపు దీపములు వెలుగుచునే యుండును. తలుపు ఎంతసేపు తెరచిన అంత వెలుగు పోగగును. మెరుపు అట్లు కాదు. తలుపు పది సెకండ్లు తెరచినను, ముప్పది సెకండ్లు తెరచినను మెరుపు వెలుగు ఒకటియే. దానిని అదుపు చేయునవి కటకపు రంధ్రము, ఫిల్ము యొక్క లేక సెన్సారు యొక్క స్పందన మాత్రమే. పది మెరుపులకై అరగంట తెరచియుంచినచో నగరము తెల్లని మంటగా మారిపోవును. అందుచేత కెమెరాను ముక్కాలిపీటపై కదలకుండ బిగించి, పదునైదు ఇరువది సెకండ్ల ఫోటోలు ఎడతెగక తీయుదురు. వందకు పది పండ్రెండింటిలో మెరుపు పడిన గొప్ప. మిగిలినవి వట్టి నగరపు ఫోటోలు.

ఆ పదింటిని చేర్చు పద్ధతి తెలిసికొనదగినది. ఫిల్ము అయినచో వెలుగులను కూడును. కంప్యూటరులో ఫోటోలను పొరలుగా పేర్చి ‘లైటెన్’ అను పద్ధతి ఎన్నుకొన్నచో, అది కూడదు. ప్రతి బిందువునకును అన్ని పొరలలో ఏది హెచ్చో దానిని మాత్రమే తీసికొనును. ఒక మేడ కిటికీ వెలుగు ప్రతి ఫోటోలోను 40 అనుకొందము. పది ఫోటోలను కూడినచో 400 అగును. హెచ్చును ఎన్నినచో 40గానే నిలుచును. మబ్బులో ఒక బిందువు తొమ్మిది ఫోటోలలో 20, మెరుపు దాటిన పదవదానిలో 250 అయినచో 250 నిలుచును. ఈ చిన్న గణితమువలన నగరము ఒక్క ఫోటోలోవలె నుండగా, మెరుపులు పదియు చేరును. ఫోటోషాప్ అను ప్రోగ్రాము 1990లో వెలువడి, 1994లో దానికి పొరలు వచ్చిన తరువాత ఈ పని ఇండ్లలో చేయుట సులభమైనది.

ఇట్టి చిత్రమును చదువుట నేర్చినచో కలిపిన గుర్తులు దొరకును. మబ్బు అంచులు రెండు మూడుగా కనబడును, ఏలయన అరగంటలో మబ్బు కదలును. వానధారల తెరలు ఒకదానిపై నొకటి పడును. మబ్బులేని మూలన నక్షత్రములున్నచో అవి చుక్కలుగా గాక తెగిన గీతలుగా నుండును. కొమ్మలు ఎటు చూచుచున్నవో గమనింపవలెను. మబ్బునుండి దిగిన ముందుపాయకు కొమ్మలు క్రిందికి, మిక్కిలి ఎత్తైన గోపురమునుండి లేచినదానికి కొమ్మలు పైకి విచ్చుకొనును. ఈ రెండవ రకమును 1930వ దశకమున న్యూయార్కు ఎంపైర్ స్టేట్ భవనముపై విస్తారముగా ఫోటో తీసిరి.

కలిపిన చిత్రము పోగొట్టునది ఒక్కటే, కాలక్రమము. దానిలో ప్రక్కప్రక్కన నున్న రెండు మెరుపులలో ఒకటి మొదటి నిమిషముది, రెండవది ఇరువదియవ నిమిషముది కావచ్చును. దూరము కూడ తెలియదు. ఒకటి ఇంకొకదానికి పది కిలోమీటర్ల వెనుక నుండవచ్చును. గాలివాన ఎటు నడచినదో, ఎంత వేగముతో నడచినదో, బలిసినదో తగ్గినదో దానినుండి చెప్పుట సాధ్యము కాదు. గోడకు తగిలించుటకు ఇది లోపము కాదు. గ్రామములో పిడుగుపడి పశువులు చచ్చినపుడు, గడ్డివామి కాలినపుడు, ‘ఆ రాత్రి మెరుపులు ఇవిగో’ అని అట్టి చిత్రమును సాక్ష్యముగా తెచ్చినచో పనికిరాదు. పిడుగులు పుట్టించు రేడియో తరంగములను అనేక స్థానములలో పట్టి, రాక వేళలలోని భేదమునుబట్టి స్థానము నిర్ణయించు పరికరములు వేరుగా గలవు. పూనాలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థవారి ‘దామిని’ యాప్ ఇట్టి పరికరముల వలయముపై ఆధారపడినదే. దానిలోను కాలమే ప్రాణము.

అయితే కలుపుటకు ముందటి విడి ఫోటోలలో ఆ కాలము చెక్కుచెదరక యున్నది. నేటి కెమెరా ప్రతి ఫోటోతోపాటు గంట, నిమిషము, సెకండు వ్రాసికొనును. గడియారమును ముందుగా సరిచేసికొన్న చాలును. తొర్రూరు వంటి ఊరిలో భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు ఒక గది కిటికీలోనుండి, ఉరుము వినబడనంత దూరమున నున్న మబ్బును ఒక గంటసేపు ఇట్లు తీయించినచో, విద్యార్థులు ప్రతి మెరుపునకు వేళను, దిఙ్మండలముపై అది దిగిన కోణమును పట్టిక వేయవచ్చును. కోణము క్రమముగా తూర్పునకు జరిగినచో మబ్బు అటు నడచినది. నిమిషమునకెన్ని మెరుపులో గీసినచో మబ్బు పెరిగి తరిగిన వక్రరేఖ వచ్చును. ఉరుము వినబడిన క్షణమున కిటికీ మూసి లోపలికి జరుగవలెను. మెరుపునకు ఉరుమునకు నడిమి సెకండ్లను మూటితో భాగించిన కిలోమీటర్లు వచ్చును, చివరి ఉరుము తరువాత అరగంటవరకు బయటికి పోరాదు. పట్టికలో మెరుపు పడని ఫోటోలను కూడ లెక్కింపవలెను. మెరుపునకు మెరుపునకు నడుమ ఆకాశము ఎంతసేపు ఊరకున్నదో అవియే తెలుపును.